మన గోడ – మన గుడ్డు

పైవారు విదేశం వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా ఊరి గోడలకి ఏదో ఒకటి అవుతుంది.

మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు గోడల నిండా డాల్ఫిన్లు వచ్చాయి. మాది కాలువ ఒడ్డున ఉన్న మూడో గ్రేడు మున్సిపాలిటీ. సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారాలి. అయినా డాల్ఫిన్లు మూడేళ్ళు ఉన్నాయి. రెండోసారి వెళ్ళొచ్చాక సూక్తులు వచ్చాయి. ఈ మూడోసారి వెళ్ళిన పెద్దాయన బస చేసిన హోటలు గదిలో, మంచం పైన, అద్దం బిగించిన ఒక బొమ్మ ఉందట. తెల్ల కాగితం మీద వరసగా పక్షుల గుడ్లు. నీలంవి, చుక్కలవి, మచ్చలవి. ఒక్కోదాని కింద సన్నటి అక్షరాలతో ఆ పక్షి పేరు. అంతకుమించి ఏమీ లేదు. అది చూసి ఆయన మనసు కరిగిపోయింది. మన పిల్లలకి గుడ్డంటే ఆమ్లెట్టు తప్ప మరొకటి తెలియదే అని బాధపడి, విమానం దిగగానే ఒక పథకం పెట్టారు. పేరు ‘మన గోడ – మన గుడ్డు’.

నేను ఆ మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంటుని. పేరు భీమశంకరం. ముప్పై రెండేళ్ళ సర్వీసులో క్షుణ్ణంగా నేర్చుకున్న విద్య ఒక్కటే, ఫైలు ఆపడం. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ ఈ కథలో దానితో పని పడింది కాబట్టి ముందే చెబుతున్నాను.

సర్క్యులర్ వచ్చింది. ‘విషయం: పట్టణ గోడలు – పక్షి గుడ్ల చిత్రణ ద్వారా సుందరీకరణ – ప్రజలలో జీవవైవిధ్య స్పృహ పెంపొందించుట – గురించి’ అని మొదలై నాలుగు పేజీలు నడిచింది. హోటలు గదిలోని బొమ్మ కూడా జతపరిచారు. అయితే అది జిరాక్సుకి జిరాక్సు తీసి, దానికి మళ్ళీ జిరాక్సు తీసిన కాగితం. మా కమిషనర్ ఉమామహేశ్వరం గారు దాన్ని నిలువుగా చూశారు, అడ్డంగా చూశారు, ఇవి బంగాళాదుంపలు కావు కదా అని నన్ను అడిగారు. విషయంలో గుడ్లని రాశారు కాబట్టి గుడ్లే అయి ఉండాలని చెప్పాను. ఆయన తృప్తి పడ్డారు. ఆయన మంచి మనిషి. కంటికి కనిపించేదానికి, కాగితం మీద ఉన్నదానికి తేడా వస్తే కాగితాన్నే నమ్ముతారు, అంతే.

సర్క్యులర్లో మూడో పేరా ఇలా ఉంది: ‘గోడను ముందుగా గీకి, అందుగల కన్నములన్నియు సిమెంటుతో పూడ్చి, మొలిచిన మొక్కలను సమూలముగా పెకలించి, తెల్లసున్నము వేసిన పిమ్మటనే, చూపరులకు పక్షుల పట్ల ప్రేమ కలుగునట్లు చిత్రించవలెను.’

మా ఆఫీసు ప్రహరీ గోడని ఎంపిక చేశారు. రెండు వందల అడుగుల పొడవు. నలభై ఏళ్ళ కిందట కట్టినప్పుడు పరంజా కర్రలు దూర్చిన కన్నాలు అలాగే వదిలేశారు. వాటిలో పిచ్చుకలు, గోరింకలు, బల్లులు కాపురం ఉంటున్నాయి. పక్షుల మీద ప్రేమ కలిగించే పని కాబట్టి ముందు వాటిని ఖాళీ చేయించాలి.

బొమ్మలు వేయడానికి నూకరాజుని పిలిచాం. ఒకప్పుడు మా ఊళ్ళో ఏ గోడ మీద ఏ అక్షరం ఉన్నా కుడి చేతి వైపు అడుగున ‘నూకరాజు ఆర్ట్స్’ అని చిన్నగా ఉండేది. సబ్బుల ప్రకటనలు, సినిమా పేర్లు, ఓట్లడిగేవారి ముఖాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ఫ్లెక్సీలు వచ్చాక గోడలు పోయాయి. పదేళ్ళుగా మోటారు సైకిళ్ళ నంబరు ప్లేట్లు రాసుకుంటున్నాడు. రెండు వందల అడుగుల గోడ అని చెప్పగానే ఆయన ఇంటికి వెళ్ళి, కుంచెలు పాత లుంగీలో చుట్టుకుని వచ్చేశాడు.

పదిరోజుల్లో నూట ఇరవై గుడ్లు వేశాడు. చిన్నప్పుడు కాలువ గట్ల మీద తిరిగిన మనిషి. ఏ పుస్తకమూ చూడలేదు. గోరింకది లేత నీలం, కాకిది పచ్చటి ఛాయ మీద గోధుమ చుక్కలు, తీతువుది అచ్చం చెరువు మట్టి మీద సిరా చల్లినట్టు. ఒక్కోటి అరచేయంత, చేత్తో తీసుకోబుద్ధేసేలా వేశాడు. టీ కొట్టు దగ్గరి జనం గ్లాసులు పట్టుకునే వచ్చి గోడ ముందు నిలబడేవారు. మా ఆఫీసుకి జనం కోపంతో కాకుండా రావడం అప్పుడే చూశాను.

ఇంత బాగుంటే ఆఫీసు ఊరుకుంటుందా? ముందు కోకిల దగ్గర పేచీ వచ్చింది. కాకి గుడ్ల వరసలో నూకరాజు ఒక కోకిల గుడ్డు వేశాడు. ఒక పక్షి మరొక పక్షి గూటిలో అనుమతి లేకుండా గుడ్డు పెట్టడం ఆక్రమణ కిందికి వస్తుందనీ, దాన్ని ప్రభుత్వ గోడ మీద ప్రదర్శిస్తే పట్టణంలో ఆక్రమణలను ప్రోత్సహించినట్టవుతుందనీ టౌన్ ప్లానింగ్ సెక్షన్ రాసింది. కోకిల గుడ్డు చెరిపేశారు.

తర్వాత రంగుల పేచీ. ఆ నీలం ఎదుటి పార్టీ జెండాదని ఒక కౌన్సిలరు, ఈ పసుపు మాత్రం ఎవరిదని ఇంకో కౌన్సిలరు కాగితాలు పెట్టారు. కమిషనర్ గారు రంగుల కమిటీ వేశారు. కమిటీ రంగుల పట్టిక ముందు పెట్టుకుని చూస్తే ప్రతి రంగుకీ ఏదో ఒక జెండా తేలింది. తెలుపు ఒక్కటే మిగిలింది కానీ తెల్లగోడ మీద అది కనబడదు. రెండు రోజులు ఆలోచించి, బూడిద రంగుకి ఇంతవరకూ పార్టీ పుట్టలేదని కనుక్కున్నారు. నూట పంతొమ్మిది గుడ్లకీ బూడిద రంగు వేయాలనీ, కోకిలది పోయినచోట మరో గుడ్డు వేసి లక్ష్యం నూట ఇరవై పూర్తి చేయాలనీ ఆదేశించడమైనది.

నూకరాజు తను వేసిన నీలాల మీద తనే బూడిద పూసుకుంటూ పోయాడు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. నాకు సిగ్గనిపించింది. అయినా సంతకానికి పెట్టాను.

ఉదయపు నడకవారి సంఘం నుంచి వినతిపత్రం వచ్చింది. తాము శనివారాలు నియమం పాటించేవారమనీ, నడకకి బయల్దేరగానే నూట ఇరవై గుడ్లు ఎదురవుతున్నాయనీ, మనసు చెదురుతోందనీ రాశారు. ప్రతి శనివారం గోడకి తెర కట్టాలని కమిషనర్ గారు ఉత్తర్వు ఇచ్చారు. తెర కట్టించే పని నూకరాజుదే, కట్టిందో లేదో చూసే పని నాది.

మొదటి శనివారం చూడ్డానికి వెళ్తే, కాషాయమూ కాక గోధుమా కాక ఉన్న రెండు వందల అడుగుల తెర చక్కగానే కట్టి ఉంది. ఈశాన్యం మూల మాత్రం జానెడు కంత. బ్లేడుతో కోసినట్టుంది. ప్రభుత్వ వస్త్రాన్ని ఎందుకు కోశావని నూకరాజుని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, నన్ను తెర లోపలికి తీసుకెళ్ళాడు.

గోడ మీద అక్కడో పెద్ద బూడిద గుడ్డు ఉంది. ఆ గుడ్డుకి నడిమధ్యన నల్లటి మచ్చ. దగ్గరికి వెళ్తే అది మచ్చ కాదు, కన్నం. అన్ని కన్నాలూ పూడ్చి ఆ ఒక్కటీ వదిలేశాడు. వదిలినట్టు తెలియకుండా చుట్టూ గుడ్డు వేశాడు. ముక్కాలిపీట ఎక్కి చూశాను. గడ్డిపోచలు, ఒక ఎర్ర రిబ్బను ముక్క, బస్సు టిక్కెట్టు, వాటి మధ్య నాలుగు గుడ్లు. లేత నీలం. రంగుల కమిటీ రద్దు చేసిన నీలమే.

“సిమెంటు పట్టుకొచ్చేటప్పటికే గోరింక సామానంతా తెచ్చేసుకుందండి,” అన్నాడు నూకరాజు. “ఇల్లు కట్టుకుంటన్నదాని మొహాన మూసేత్తే, ఇంక ఆ గోడ మీద గుడ్డు బొమ్మ ఏ చేత్తో ఎయ్యనండి?”

నేను పీట దిగాను. తెరకి ఉన్న కంత గాలి ఆడటానికని రిపోర్టులో రాశాను.

మూడు వారాలు గడిచాయి. జిల్లా నుంచి ప్రగతి నివేదిక పట్టిక వచ్చింది. జిల్లా సుందరీకరణ నోడల్ అధికారిణి కమలకుమారి గారి ఆఫీసులో ఎవరో ఈ పథకానికి పట్టిక తయారు చేయాల్సి వచ్చి, కంప్యూటర్లో ‘గుడ్లు’ అని కొట్టి వెతికితే కోళ్ళ ఫారాల పట్టిక ఒకటి సిద్ధంగా దొరికింది. పైన పథకం పేరు మార్చి పంపేశారు. అయిదో కాలమ్: పెట్టిన గుడ్లు. ఆరు: మురిగినవి. ఏడు: పిల్లలైనవి. ఎనిమిది: లబ్ధిదారులకు పంపిణీ చేసినవి.

మేం అయిదులో నూట ఇరవై వేసి మిగతావాటిలో సున్నాలు పెట్టాం. మర్నాడే వీడియో కాన్ఫరెన్సు. కమలకుమారి గారు మా సున్నాల దగ్గర ఆగి, ఇరవై ఒక్క రోజులు దాటినా ఏడో కాలమ్‌లో పురోగతి శూన్యంగా ఉండటం విచారకరమన్నారు. పక్క మున్సిపాలిటీ అరవై శాతం సాధించిందని చూపించారు. వాళ్ళు అసలు గోడే కట్టలేదని మాకు తర్వాత తెలిసింది.

కమిషనర్ గారు నూకరాజుకి మెమో ఇచ్చారు: ‘మీరు వేసిన గుడ్లు నేటి వరకు పిల్లలు కాకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను.’ నూకరాజు కాగితం పట్టుకుని వచ్చి, రంగుతో వేసిన గుడ్డు పొదగదండి బాబూ అన్నాడు. కమిషనర్ గారికి అది తెలియక కాదు. “అది సాంకేతిక కారణం నూకరాజూ. సాంకేతిక కారణాలు పైవారు ఒప్పుకోరు,” అన్నారు దయగా. ఆఖరికి ఆయనే దారి చెప్పారు. గుడ్ల మీద పగుళ్ళు వేయి, మర్నాడు ముక్కులు వేయి, ఆ మర్నాడు పిల్లల్ని వేయి.

వారంలో నూట ఇరవై బూడిద పిల్లలు తయారయ్యాయి. ఆరో కాలమ్‌లో ఒక్కటీ మురగలేదని జిల్లా నుంచి ప్రశంస వచ్చింది. ఈశాన్యం మూల గుడ్డుకి మాత్రం నూకరాజు పెద్ద పగులు వేసి, పిల్లని పక్కన వేశాడు. కన్నం ఆ పగుల్లో కలిసిపోయింది. లోపల నాలుగు గుడ్లూ నిజంగానే పిల్లలయ్యాయి. తల్లి గోరింక పురుగు నోట కరుచుకుని ఆ బొమ్మ గుడ్డులోకి దూరుతుంటే, కింద నుంచి చూసిన మా అటెండరు, నూకరాజు చేతిలో అంత విద్య ఉందా అని ఆశ్చర్యపోయాడు.

ఇంక ఎనిమిదో కాలమ్ మిగిలింది. పంపిణీ. గోడ మీది పిల్లల్ని ఎవరికి ఎలా పంచాలని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. పక్షి పెరిగాక ఎగిరిపోతుంది, ఎగిరిపోయాక గోడ మీద ఉండదు, కనుక గోడకి సున్నం వేసేస్తే పంపిణీ పూర్తయినట్టేనని కమిషనర్ గారే తేల్చారు. లబ్ధిదారు అన్నచోట కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, ‘ఆకాశం’ అని రాశారు. ఆధార్ నంబరు దగ్గర ‘వర్తించదు’. నా సర్వీసులో అంత అందమైన ఎంట్రీ ఇంకోటి చూడలేదు.

నూకరాజు సున్నం బక్కెట్టు తెచ్చుకున్నాడు. పిల్లలన్నీ పోయాయి. చివర కుడి చేతి వైపు అడుగున ‘నూకరాజు ఆర్ట్స్’ మిగిలింది. దాని మీద కూడా తనే బ్రష్షు లాగాడు.

గోడంతా తెల్లబడేసరికి కన్నం బయటపడింది. మరో ఆరు రోజుల్లో కమలకుమారి గారి తనిఖీ. కమిషనర్ గారు ఆ కన్నాన్ని చూసి, తెల్లారేసరికి సిమెంటు పెట్టెయ్యమన్నారు. ఈ పని చక్కగా ముగిస్తే బజారు గోడ కూడా నీకే అని నూకరాజుకి ఆశ పెట్టారు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నూకరాజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిల్లలకి ఈకలు వచ్చేశాయనీ, ఆరేడు రోజులాగితే వాటంతటవే పోతాయనీ చెప్పాడు.

“బజారు గోడ పోతే పోనీండి,” అన్నాడు. “నేనైతే సిమెంటెట్టను. నేను కాకపోతే ఇంకోడెవడో ఎడతాడు. అదేనండి నా భయం.”

ముప్పై రెండేళ్ళుగా ఎందరి పింఛన్లు, ఎందరి కుళాయి కనెక్షన్లు ఆపానో లెక్కలేదు. ఆ విద్య అంతా ఈ నాలుగు పిల్లల కోసమే నేర్చుకున్నానేమో అనిపించింది. కొత్త ఫైలు అట్ట తీసి, ‘ప్రహరీ గోడ – ఈశాన్యపు కన్నము – పూడ్చుట – అనుమతి – గురించి’ అని రాశాను.

మొదటి రోజు, కన్నం గోడలో భాగమా, లేక గోడ లేకపోవడమా అని ఇంజనీరింగ్ సెక్షన్‌ని అభిప్రాయం అడిగాను. భాగమైతే మరమ్మతు, లేకపోవడమైతే కొత్త నిర్మాణం. ఇంజనీరు గారు రెండు పేజీలు రాసి, రెండూ కావచ్చునన్నారు. రెండో రోజు, కన్నం ఎవరు చేశారో తెలియనిదే ఎవరి చేత పూడ్పించాలని రాశాను. నలభై ఏళ్ళ కిందటి కాంట్రాక్టరు కాలం చేశాడని తేలడానికి ఆ రోజు చాలింది. మూడో రోజు, పేజీలకి నంబర్లు లేవని వెనక్కి పంపాను. నాలుగో రోజు, నంబర్లు పెన్సిలుతో వేశారని పంపాను. అయిదో రోజు, పథకానికి ముందు తీసిన ఫొటోలో కన్నం ఉంది, తర్వాతి ఫొటోలో లేకపోతే ఇది అదే గోడ అని రుజువేమిటని అడిగాను. కమిషనర్ గారు ఆ ప్రశ్న చదివి, తలపట్టుకుని, పాయింటేనన్నారు.

ఆరో రోజు పొద్దున్నే కమలకుమారి గారు వచ్చారు. తెల్లటి ఖాళీ గోడని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి చూశారు. గుడ్డుగా మొదలై గగనానికి చేరిన ఈ ప్రస్థానం రాష్ట్రానికే ఆదర్శమన్నారు. నడుస్తూ నడుస్తూ ఈశాన్యం మూలకి వచ్చి, ఆ కన్నం ఏమిటని అడిగారు.

“ఫైలు నడుస్తోంది మేడమ్,” అన్నారు కమిషనర్ గారు.

ఫైలు నడుస్తోందంటే ఆమె సరేనన్నట్టు తల ఊపారు. అప్పుడే ఆ కన్నంలోంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. పసుపు ముక్కు. పిల్ల గోరింక అంచు మీదికి జరిగి, మా అందరినీ ఒకసారి చూసి, ఎగిరింది. కమలకుమారి గారి తల మీదుగా ఎదురుగా ఉన్న కరెంటు తీగ మీదికి. దాని వెనకే రెండోది, మూడోది. నాలుగోది మాత్రం అంచున కూర్చుని కదల్లేదు. తీగ మీద నుంచి తల్లి పిలుస్తోంది. రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నూకరాజు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు, తాగడం లేదు. అది దూకి, కమలకుమారి గారి కారు బానెట్టు మీద పడి, జారి, మళ్ళీ లేచి, ఎలాగో తీగ చేరుకుంది. మా అటెండరు చప్పట్లు కొట్టాడు. కమలకుమారి గారి చేతులు కూడా దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

“ఇవి మన గుడ్లవేనా?” అని అడిగారామె.

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను ఫైలు తిరగేశాను. మన గుడ్లు నూట ఇరవయ్యేననీ, అవి ఆరు రోజుల కిందటే ఆకాశానికి పంపిణీ అయిపోయాయనీ, వీటికి సాంక్షన్ లేదనీ చెప్పాను. నూట ఇరవై గుడ్లకి నూట ఇరవై నాలుగు పక్షులు చూపిస్తే ఆడిట్ వారికి ఏం చెప్పాలని కమిషనర్ గారు గాభరా పడ్డారు. ఏడో కాలమ్‌లో వీటిని చేర్చవద్దని ఆమె ఆదేశించారు. జిల్లా మొత్తం మీద ఆ కాలమ్‌లో వేయదగ్గ నిజమైన అంకె ఆ నాలుగే. అది వేయలేదు.

మాకు ఉత్తమ పట్టణం జ్ఞాపిక వచ్చింది. నూకరాజుకి మెమో వచ్చింది, అనుమతి లేని నాలుగు పక్షులు గోడ నుండి వెలువడుటకు సంజాయిషీ ఇవ్వవలసిందని. ఆయన జవాబు సినిమా పేర్లు రాసే చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చాడు:

‘అయ్యా, నేను వేసిన నూట ఇరవై గుడ్లు మీరు చెప్పినట్టే బూడిద రంగు అయినాయి. మీరు చెప్పినట్టే పిల్లలు అయినాయి. మీరు చెప్పినట్టే ఎగిరిపోయినాయి. ఆ నాలుగు మాత్రం ఎవరూ చెప్పకుండా ఎగిరినాయి. ఇందులో నా తప్పు లేదని మనవి.’

జవాబు సంతృప్తికరంగా ఉందో లేదో తేల్చమని కమిషనర్ గారు నాకే ఇచ్చారు. దాన్ని కన్నం ఫైల్లో పెట్టాను. బజారు గోడ ఫైలు మాత్రం ఒక్కరోజులో నాలుగు బల్లలు దాటించాను. నేనే చేత్తో పట్టుకుని తిరిగాను. నా సర్వీసులో అది మొదటిసారి. ఆ గోడ మీద ఏం వేయాలో పైనుంచి ఇంకా రాలేదు. వచ్చేలోగా నీకు నచ్చింది వేసేయమని నూకరాజుకి చెప్పాను. అక్కడ ఇప్పుడు నలభై గుడ్లున్నాయి, గోరింకవి నీలంగానే ఉన్నాయి. కాకి వరసలో కోకిలది కూడా ఉంది.

ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. నా తర్వాత వచ్చే ఆయనకి అప్పగించే ఫైళ్ళ జాబితా రాస్తున్నాను. కిటికీలోంచి ప్రహరీ గోడ కనబడుతోంది. గోరింక మళ్ళీ గడ్డిపోచలు తెస్తోంది. అందుకని జాబితాలో మొట్టమొదట ఈశాన్యపు కన్నం ఫైలు వేసి, పక్కన ఎర్ర సిరాతో రాశాను: ‘పరిశీలనలో ఉన్నది. ఎట్టి పరిస్థితులలోనూ తేల్చరాదు.’